మలుపు మీద నుంచి మా ఆయన

పేకముక్క పట్టినవాడి ఇంట్లో పొయ్యి వెలగదని మా నాన్న అనేవాడు. మా నాన్న చెప్పినవాటిలో చాలా వాటిని నేను పెడచెవిన పెట్టాను గాని ఇది మాత్రం ఒంట్లో ఇంకిపోయింది. మా మేనమామ ఒకాయన పేకాటలో కొబ్బరితోట ఆనవాలు లేకుండా చేసుకుని, ముసలితనంలో మా వసారాలో చాప మీద పడుకుని పోయాడు. అందుకని దక్షిణాఫ్రికాలోని టోంగాట్ వచ్చిన కొత్తలోనే మా ఆయన పక్కింటి గరాజులో కూర్చుని ముక్కలు కలుపుతూ కనిపించేసరికి, నాకు ఆ చాపే కళ్లముందు కనబడింది.

ఆయనది అనకాపల్లి వైపు. చెరుకు తోటల మధ్య, బెల్లం వాసనలో పుట్టి పెరిగాడు. చదివిందీ చక్కెర గురించే. టోంగాట్ మిల్లు ప్రయోగశాలలో ఉద్యోగం. లారీల్లో వచ్చిన చెరుకులో తీపి ఎంతుందో చూసి చెప్పాలి. ఇక్కడ చెరుకును నరికే ముందు ఆకు కాలిపోయేలా తోటకు నిప్పు పెడతారు. మనవైపు పచ్చి చెరుకునే నరుకుతాం కదా, మొదటిసారి ఆ మంటలు చూసి ఊరు తగలబడుతోందని నేను బయటికి పరిగెత్తాను. ఆ మసి ఎగిరొచ్చి తీగ మీద ఆరేసిన బట్టలన్నిటి మీదా వాలేది. మా ఆయన తెల్లచొక్కా దులుపుకుంటూ, "కాలిన చెరుకు తొందరగా ఆడెయ్యాలే, ఆగితే తీపి పోతుంది," అని పాఠం చెప్పేవాడు. ఉతికేది నేను కదా, నాకు ఆ పాఠం రుచించేది కాదు.

నాకు దగ్గర్లోని బడిలో లెక్కల టీచరు పని దొరికింది. తెల్లవాళ్ల పాలన పోయి కొత్త ప్రభుత్వం వచ్చిన కొత్త. అంతకుముందు ఇండియన్ పిల్లలకు మాత్రమే అయిన ఆ బడికి తోటల అవతలి నుంచి జూలూ పిల్లలు నడిచి రావడం మొదలైంది. పొద్దున్నే అందరం నిలబడి కొత్త జాతీయగీతం పాడాలి. మొదట్లో వచ్చే చరణాలు ఆ పిల్లలకు వచ్చు, చివరివి పాత ప్రభుత్వపు గీతంలోవి, అవి పాత టీచర్లకు వచ్చు. నాకు ఏవీ రావు. పెదాలు ఆడించేదాన్ని.

పక్కింటి తాత మిల్లులోనే బాయిలర్ల దగ్గర పనిచేసి రిటైరైనవాడు. ఆయన తాతగారు విశాఖ వైపు నుంచి కూలిపనికి ఓడెక్కి వచ్చాడట. ఆ తెలుగులో ఈయన దగ్గర మిగిలింది పిడికెడు. వరసలు, తిండి మాటలు, దేవుడి మాటలు, తిట్లు. తిట్లు మాత్రం ఒక్కటి కూడా పోలేదు. మేం సామాను దింపుకుంటుంటే గోడ మీద నుంచి మా ఆయన్ని చూసి, "ఏటి నాయినా, ఏ ఊరు మీది?" అన్నాడు. అంతే, మా ఆయన చేతిలో ఉన్న పెట్టె అక్కడే దింపేశాడు. పోయిన నాయనమ్మ గొంతు విన్నట్టయిందట. ఆ పెట్టె లోపలికి మోసుకెళ్లింది నేను.

తాతకు భార్య లేదు. నా ఈడు కూతురు ఒకతె ఆయనతో ఉండేది, బ్యాంకులో పని. ఆమెకు తెలుగు రాదు. మేం మాట్లాడుకునేది ఇంగ్లీషే. ఆమె చర్చిలో చేరి చాలా ఏళ్లయింది. పెరట్లో తాత ఇటుకలతో కట్టుకున్న చిన్న గుడి ఉండేది. పొద్దున్నే ఆయన అందులో దీపం పెడుతుంటే ఆమె తలతిప్పకుండా దాని పక్కనుంచే నడిచి కారెక్కేది. దాని గురించి తండ్రీ కూతుళ్లు మాటామాటా అనుకోగా నేను వినలేదు. గొడవంతా పేకాట మీదే. వాళ్ల చర్చిలో పేక పాపం, మా ఇంట్లో పేక కొంపలు కూల్చేది. అలా మా ఇద్దరికీ స్నేహం కుదిరింది.

ఆ ఆటను తున్నీ అంటారు. నలుగురు, ఇద్దరిద్దరుగా జట్టు. అక్కడ పెళ్లింట్లోనూ ఆడతారు, చావింట్లో జాగారం కూర్చున్నప్పుడూ ఆడతారు. మా గరాజులో, అంటే తాత గరాజులో, ఎవరూ డబ్బు పెట్టేవాళ్లు కాదు. డబ్బు లేకుండా పేకాడే మగవాళ్లుంటారంటే నేను నమ్మలేదు. తాత, ఒక రిటైరైన బస్సు డ్రైవరు, ఒక మాంసం కొట్టాయన, మా ఆయన. సెలవురోజు మధ్యాహ్నం తలుపు పైకెత్తి బల్ల వేసుకుని కూర్చుంటే వీధి వీధంతా వాళ్ల అరుపులే. మా ఆయన ఆట నేర్చుకున్న రోజు ఇంటికొచ్చి పగలబడి నవ్వాడు.

"ఇందులో రాజు కంటే జాకీ పెద్దదే. జాకీ తర్వాత తొమ్మిది. రాజు ఎక్కడో కిందన పడున్నాడు పాపం. ఈ దేశానికి ఎలక్షన్లు ఇప్పుడొచ్చేయి గాని, ఈళ్లు గరాజుల్లో ఎప్పుడో పెట్టేసుకున్నారు."

నేను నవ్వలేదు. నవ్వి ఉండాల్సింది.

మరుసటి సంవత్సరం చెరుకు కోతలు మొదలయ్యే వేళకు ఆయనకు అన్నం సహించడం మానేసింది. రెండు ముద్దలు తిని కంచం జరిపేసేవాడు. నా వంట మీద అలక అనుకున్నాను. ప్యాంట్లు వదులయ్యాక డర్బన్ తీసుకెళ్లాను. పొట్టలో కేన్సరన్నారు. ఆపరేషన్ చేసి కొంత తీసేశారు, అప్పటికే కాలేయానికి పాకింది. "మందులు కొంత పనిచేస్తాయి, నయం మాత్రం కాదు," అన్నాడు డాక్టరు. ఆ మాట మా ఆయన మొత్తం విన్నాడు. నేను సగమే విన్నాను.

నా వృత్తి అలాంటిది. లెక్క ఇచ్చారంటే దానికి జవాబు ఉండి తీరాలి. నేను కొంగు బిగించాను. జావలు, రసాలు, ఉడికించినవి, వడగట్టినవి. గుమ్మంలో అడుగు పెడుతూనే మొదలుపెట్టేదాన్ని. ఏం తిన్నారు, ఎంత తిన్నారు, కడుపులో నిలిచిందా, మాత్ర వేసుకున్నారా, ఏదీ నాలుక చూపించండి. ఒకరోజు ఆయన నాలుక చాపి చూపించి, మళ్లీ లోపల పెట్టుకుని, "కందకి లేని దురద కత్తిపీటకెందుకే?" అన్నాడు. నేను ఏడ్చేశాను. ఎలా వస్తాయండీ మీకు నవ్వులాటలు అని తల బాదుకున్నాను. ఆ తర్వాత ఆయన నా దగ్గర హాస్యాలాడడం మానేశాడు. మానేశాడన్న సంగతి కూడా నాకు చాలా రోజులు తెలియలేదు.

ఆదివారాలు హైదరాబాదుకు ఫోన్లు. మా బావగారు, అంటే ఈయన అన్నగారు, అక్కడ ఎవరో పెద్ద సర్జనుతో మాట్లాడి, తీసుకురా, రెండో ఆపరేషన్ చేద్దాం అన్నారు. బడి సెలవులకు టికెట్లు తీసుకున్నాను. మా ఆయనకు చెబితే గోడవైపు చూస్తూ, "నేను రానే," అన్నాడు. మీరు రాకపోతే నేను చస్తానని అరిచాను. చచ్చిపోతున్నది ఎవరో నాకు తెలుసు. అయినా ఆ మాటే అన్నాను. ఆయన మరి మాట్లాడలేదు. మౌనం అర్ధాంగీకారమనుకుని పెట్టెలు సర్దడం మొదలుపెట్టాను.

ఇంత జరుగుతున్నా గరాజుకు వెళ్లడం మాత్రం మానలేదు. మిల్లుకు సెలవు పెట్టాక రోజూ మధ్యాహ్నం వెళ్లి కూర్చునేవాడు. నేను తాత మీదికి యుద్ధానికి వెళ్లాను. ఒంట్లో బాగులేని మనిషిని ఆ ప్లాస్టిక్ కుర్చీలో, ఆ గాలిలో, ఆ మసిలో కూర్చోబెట్టడానికి మనసెలా ఒప్పిందని నిలదీశాను. అన్ని తిట్లు తెలిసిన తాత ఒక్క తిట్టూ తిట్టలేదు.

"కోపం వద్దమ్మా," అన్నాడు. "నాయినా కూర్సుంటాడు. ఆడతాడు. ఎల్తాడు. ఏటి తప్పు? వాట్ మస్ట్ ఐ డూ, గేట్ మూసీనా?"

గేటు మూసేయమనే అన్నాను. ఆయన మూయలేదు.

తాత కూతురు మాత్రం నా పక్షమే. మమ్మల్ని తన కారులో డర్బన్ ఆసుపత్రికి తీసుకెళ్లేది. దిగబెట్టాక మా ఆయన తల మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకుని ప్రార్థన చేసేది. నేను ఇబ్బందిగా నిలబడేదాన్ని. ఆయన హాయిగా కళ్లు మూసుకునేవాడు. ఏమిటండీ ఇది అని తర్వాత అడిగితే, "ఎవరి దేవుడైతే ఏటే, చెయ్యి చల్లగా ఉంది," అన్నాడు.

ఆ రోజుల్లోనే మా వీధిని తవ్వారు. అవతల రేకు ఇళ్లకు మంచినీళ్లు ఇవ్వడానికి గొట్టాలు వేస్తున్నారు. కొత్త ప్రభుత్వం ఇచ్చిన మాటల్లో అదొకటి. బడి నుంచి నన్ను కారులో దించే తోటి టీచరు ఇంటిదాకా రాలేక, పైన రోడ్డు మలుపు దగ్గరే దించేసింది. అక్కడి నుంచి మా వీధి పల్లానికి దిగుతుంది. మలుపు దగ్గర నిలబడితే మా ఇంటి కప్పు, తాత పెరడు, తెరిచి ఉన్న గరాజు అన్నీ కనిపిస్తాయి.

చేతిలో దిద్దాల్సిన పుస్తకాల సంచి బరువుగా ఉంటే చెయ్యి మార్చుకోవడానికి ఆగాను. కింద గరాజులో ఒక మనిషి లేచి నిలబడి, ముక్కను తల మీదికెత్తి బల్ల మీద చరిచాడు. ఆ చప్పుడు నా దాకా వచ్చింది. వెనక్కి విరగబడి నవ్వుతున్నాడు. నవ్వుతూనే పక్కనున్న బస్సు డ్రైవరుకి వీపు మీద ఒక్కటి వేశాడు. ఎవరీ కొత్త మనిషి, మా ఆయన ఇవాళ రాలేదా అనుకున్నాను. ఆ చొక్కా నేను ఉతికిందే. మా ఆయనే.

నాకు ముందుగా వచ్చింది ఏడుపు కాదు, ఒళ్లుమంట. వాళ్లకు నవ్వులు, నాకు మూలుగులా? వీళ్లతో చేతులెత్తి ఆడేవాడికి నా ఎదుట చెంచా ఎత్తడానికి ఓపిక ఉండదా? విసవిసా దిగాను. సగం దారిలో ఉండగా ఆయన నన్ను చూశాడు. నేను చూస్తుండగానే ఆయన భుజాలు దిగిపోయాయి. చెయ్యి పొట్ట మీదికి వెళ్లింది. గేటు దగ్గరికి చేరేసరికి అక్కడ నాకు రోజూ తెలిసిన రోగి కూర్చుని ఉన్నాడు.

లెక్కల టీచర్ని, ఒకసారి వచ్చిన జవాబును నమ్మను. మర్నాడు కూడా మలుపు దగ్గర దిగి, గొట్టాల కుప్ప పక్కన నిలబడ్డాను. మళ్లీ అదే. నవ్వు, అరుపు, తాతతో వాదన. తాత కూతురు బ్యాంకు నుంచి ముందే వచ్చినట్టుంది, గరాజు గుమ్మంలో నిలబడి టీ కప్పు అందిస్తోంది. నా పక్షమనుకున్న మనిషి! మా ఆయన ఆ టీ రెండు గుక్కలు తాగాడు. నేను పొద్దుట బతిమాలి బతిమాలి పట్టించలేకపోయిన టీ. నేను దిగి వెళ్లాను. మళ్లీ అదే. భుజాలు, పొట్ట, చెయ్యి.

బోర్డు దగ్గర నిలబడి లెక్క చేస్తుంటే నా తప్పు నాకు కనపడదు. వెనక బెంచీ పిల్లలు అరుస్తారు, మేడమ్, రెండో వరసలో గుర్తు మారిపోయిందని. నిజమా అని నాలుగడుగులు వెనక్కేసి చూస్తే పెద్ద అక్షరాలతో కనబడుతుంది. ఆ సాయంత్రం నాకు అలా అయింది. ఆయన నా దగ్గర నటించడం లేదు. వాళ్ల దగ్గరా నటించడం లేదు. నేను గుమ్మంలోకి వస్తూనే పిలిచేది రోగిని. పిలిచినవాడే వస్తున్నాడు. మా ఆయన్ని పిలిచి ఎన్ని నెలలైందో నాకే తెలియదు. వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను.

ఆ మర్నాడు మలుపు దగ్గరే రాయి మీద కూర్చుని, కింద ఆట ముగిసి బల్ల మడిచేదాకా చూసి, అప్పుడు ఇంటికెళ్లాను. ఆయన మంచం మీద వాలి ఉన్నాడు. మాత్ర సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, "ఎవరు గెలిచారు?" అన్నాను.

ఆయన అనుమానంగా చూశాడు. "ఏటే, ఒంట్లో బాగులేదా నీకు?"

"బాగానే ఉంది. ఎవరు గెలిచారో చెప్పండి."

చెప్పాడు. బస్సు డ్రైవరు తొమ్మిదిని ముందే పారేసి ఆట ఎలా పాడుచేశాడో, తాత అతన్ని ఏమని తిట్టాడో, ఆ తిట్టు అనకాపల్లిలో ఎవరైనా అనగా విని పాతికేళ్లయిందనీ. చెబుతూ చెబుతూ లేచి కూర్చున్నాడు. నేను మంచం దగ్గరికి వెళ్లకుండా గుమ్మానికి ఆనుకునే విన్నాను. ఆయన ఆపాక అడిగాను. అప్పటిదాకా ఆ సంగతి మీద అరిచానే గాని ఎప్పుడూ అడగలేదు.

"హైదరాబాదు ఎందుకొద్దంటున్నారు?"

చాలాసేపు దుప్పటి అంచు సర్దుకున్నాడు.

"అక్కడికెళ్తే మా అన్న, మీ అక్క, ఊరోళ్లు, అందరూ యాపిల్ పళ్లు పట్టుకుని వరసగా వస్తారే. మంచం చుట్టూ నిలబడి, ఎలాటోడు ఎలా అయిపోయాడని కళ్లొత్తుకుంటారు. తప్పనడం లేదు. నేను కూడా అలాగే వెళ్లేవాణ్ణి కదా. అక్కడ అందరూ నన్ను చూడ్డానికొస్తారు. ఇక్కడ ఆడ్డానికొస్తారు."

"మరి నేను?" అన్నాను.

"నువ్వూ చూడ్డానికే వస్తన్నావే," అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే జవాబు చెప్పేదాన్ని.

టికెట్లు రద్దు చేశాను. బావగారు ఫోనులో మొదట బతిమాలారు, తర్వాత మండిపడ్డారు. "నీ చేతులతో నువ్వే చంపుకుంటున్నావమ్మా," అన్నారు. ఫోను పెట్టేశాక ఆ మాట చెవిలో ఉండిపోయింది. ఇప్పటికీ ఉంది. ఆ ఆపరేషన్ చేయిస్తే ఇంకో ఏడాది ఉండేవాడేమో. ఆ సర్జను చేతిలో ఏమైనా మహిమ ఉందేమో. నేను చేసింది సరైనదేనని నా మనసు ఒక రోజు చెబుతుంది, మర్నాడు చెప్పదు. ఆయన కోరింది అదని మాత్రం రోజూ చెబుతుంది.

మిగిలిన మధ్యాహ్నాల్లో నేనూ గరాజుకు వెళ్లాను. మొదట్లో మూల కుర్చీలో కూర్చుని పుస్తకాలు దిద్దుకునేదాన్ని. మాంసం కొట్టాయన రాని రోజున తాత నా చేతిలో ముక్కలు పెట్టాడు. "సిట్ డౌన్ అమ్మా. మడిసి తక్కువ." మా నాన్న పై లోకం నుంచి చూస్తున్నాడేమోనని ఒక క్షణం జంకి, మా ఆయన ఎదుట జట్టుగా కూర్చున్నాను. రాజును చూసి పెద్దముక్క అనుకుని గర్వంగా వేశాను. తొమ్మిది వచ్చి దాన్ని ఊడ్చుకుపోయింది.

"నీకు లెక్కలెవరు నేర్పేరే? పిల్లల బతుకులు ఏటవుతున్నాయో ఆ బళ్లో!" అని మా ఆయన అందరి ముందూ కేకలేశాడు. ఎన్నో నెలల తర్వాత నన్ను తిట్టాడు. నాకు ఎంత సంతోషమేసిందంటే, ఆ తర్వాతి ఆటలో తెలిసీ ఇంకో తప్పు ముక్క వేశాను. గుమ్మంలో తాత కూతురు కప్పులు పట్టుకుని నిలబడి ఉంది. "నేను ఆడను, అది పాపం," అంది. "టీ పొయ్యడం గురించి మాత్రం మా పాస్టరు ఏమీ చెప్పలేదు."

మందులు మానలేదు. నొప్పి మాత్రలు వేళకు వేసేదాన్ని. నాలుక చూపించమనడం మాత్రం మానేశాను. తాత పుల్లపెరుగు గిన్నెలో పంపేవాడు. అది నాలుగు చెంచాలు దిగేది. మంచి రోజులు అంటే అవే. ఎక్కువ లేవు.

కోతలు అయిపోయి మిల్లు మూసేశారు. మసి రావడం ఆగింది. ఆయన గరాజుదాకా నడవలేకపోయాడు. తాత వచ్చి మంచం పక్కన కూర్చుని, మాటలు సరిపోక, "నాయినా, నాయినా," అని పాదాలు పట్టేవాడు. నేను బడికి సెలవు పెట్టి, మళ్లీ పాత మనిషినయ్యాను. మంచాన్ని అంటిపెట్టుకుని కూర్చుని, మణికట్టు వదలకుండా, ఊపిరి ఊపిరికీ మొహంలోకి వంగి చూసేదాన్ని.

పోవడానికి కొద్దిరోజుల ముందు, ఒక మధ్యాహ్నం, ఆయన కళ్లు తెరిచి, "కాస్త అవతలికెళ్లి ఆ కిటికీ కాడ కుర్చీలో కూర్చోవే," అన్నాడు.

పట్టుకున్న మణికట్టు వదిలేశాను. "ఏం, మళ్లీ విసిగిస్తున్నానా?"

"అదేం కాదే. మీద మీదికొచ్చేస్తే నీ ముక్కు తప్ప ఏటీ కనపడ్డం లేదు. అక్కడైతే అంతా కనిపిస్తావు. కాసేపు చూడనీ."

వెళ్లి కూర్చున్నాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్లో పెట్టుకున్నాను. ఆయన చూశాడు. రేగిన జుట్టు, నలిగిన చీర, చెప్పుల్లేని కాళ్లు, అన్నీ. పెళ్లిచూపుల్లో ఆయన తలెత్తితే ఒట్టు, కాఫీ గ్లాసును చూస్తూ కూర్చున్నాడు. ఇప్పుడు తీరిగ్గా చూశాడు. నాకు సిగ్గేసింది. ఆ వయసులో, ఆ గదిలో.

"నేను పోతే ఎవరితో దెబ్బలాడతావే?" అన్నాడు కాసేపటికి.

"తాతతో," అన్నాను.

"గెలవలేవు," అన్నాడు. నవ్వబోయాడు, ఊపిరి చాలలేదు. అయినా చూపు తిప్పుకోలేదు. గోడ గడియారం మాత్ర వేళయిందని చూపిస్తోంది. చూపించనీ అనుకున్నాను. ఆయన చూస్తూనే ఉన్నాడు, నేను కుర్చీలోంచి లేవలేదు.